ఎవులు తరుముతున్నారు బాబూ?

మన తెలుగువాళ్ల మీద పూర్వం నుంచీ ఒక అపవాదు ఉంది. ఆరంభశూరులమట! మొదలుపెట్టేటప్పుడు ఉన్న హుషారు చివరిదాకా నిలవదట. పరుగు విషయంలో మాత్రం మనవాళ్లలో చాలామంది ఈ అపవాదును తప్పని నిరూపిస్తున్నారు. మొదలుపెట్టింది పూర్తి చేస్తున్నారు. చిక్కంతా పూర్తిచేసిన తరువాతే వస్తోంది!

అదేమిటంటారా? చెబుతాను. జోష్ క్లార్క్ అనే అమెరికన్ 1996లో పరుగు నేర్చుకునేవాళ్ల కోసం 9 వారాల పట్టిక ఒకటి తయారుచేశాడు. ‘కౌచ్ టు ఫైవ్ కే’ అంటారు దాన్ని. సోఫాలో కూలబడిన మనిషిని లేవదీసి 5 కిలోమీటర్లు పరుగెత్తించడమన్నమాట. మొదటి వారం 1 నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక, ఇలా మార్చి మార్చి 20 నిమిషాలు. వారానికి 3 రోజులే. నెమ్మదిగా పెంచుకుంటూ పోతే 9వ వారానికి ఆగకుండా 30 నిమిషాలు పరుగెత్తగలుగుతారు. ఇప్పుడు ఈ పట్టిక సెల్‌ఫోనులోకి కూడా వచ్చింది. చెవిలో ఒక గొంతు “ఇక పరుగెత్తండి, ఇక నడవండి” అని చెబుతూ ఉంటుంది.

మీలో కొందరు ఈ పట్టిక పూర్తి చేసే ఉంటారు. అభినందనలు! కాని 10వ వారం సోమవారం తెల్లవారుజామున ఏమైంది? చెవిలో గొంతు లేదు. గోడమీద పట్టికలో గళ్లన్నీ నిండిపోయాయి. “సాధించాం కదా, ఇవాళ కాస్త పడుకుందాం” అనిపించింది. అవునా? అయితే ఈ వారం ఈ పేజీ మీ కోసమే.

నా సంగతి

ముందు నా సంగతే చెబుతాను, నవ్వకండి. 51వ ఏట నాకు రక్తపోటు ఉందని తేలింది. డాక్టరు మాత్ర రాశారు, ఉప్పు తగ్గించమన్నారు, ఒళ్లు వంచమన్నారు. విశాఖపట్నం బీచిరోడ్డు మీద 9 వారాలు పట్టిక ప్రకారం పరుగెత్తాను. ఆఖరిరోజు ఇంట్లో మిఠాయి పంచాం కూడా. 10వ వారం వాన పడింది. 11వ వారం బంధువుల పెళ్లి. 12వ వారం నుంచి ‘రేపు’. ఆ రేపు మూడు నెలలు రాలేదు.

మళ్లీ డాక్టరు దగ్గరికి వెళితే రక్తపోటు మొదటికే వచ్చింది. ఆయన కోప్పడలేదు. “9 వారాలు మందు వేసుకుని మానేస్తే ఏమవుతుందో పరుగు మానేస్తే కూడా అదే అవుతుందండీ” అన్నారు. ఆ మాట మనసులో గుచ్చుకుంది. కష్టపడి సంపాదించింది ఎవరూ దోచుకోకుండానే పోయింది!

మీరూ గమనించండి. పరుగువల్ల గుండెకు, ఊపిరితిత్తులకు వచ్చిన సత్తువ బ్యాంకులో వేసిన డిపాజిట్టు కాదు. పూర్తిగా మానేస్తే రెండు నుంచి నాలుగు వారాల్లోనే తరగడం మొదలవుతుంది. రక్తపోటు మీదా, చక్కెర మీదా దాని మేలు కూడా పరుగు సాగినంతకాలమే. అందుచేత అసలు పరీక్ష 9వ వారంలో లేదు, 10వ వారంలో ఉంది.

నా దిగులు చూసి మా తమ్ముడు, “పద అన్నయ్యా, నాలుగు రోజులు అరకు వెళ్లొద్దాం. బూట్లు కూడా పెట్టుకో” అన్నాడు. అది నవంబరు నెల. పట్టిక చెప్పని పాఠం నేను అక్కడ నేర్చుకున్నాను. మిమ్మల్నీ ఆ దారినే తీసుకువెళతాను, రండి.

రైలు కొండ ఎక్కే తీరు

విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ రైలు ఎక్కండి. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి 1960లలో వేసిన దారి ఇది. 2017 నుంచి పైకప్పుకూ అద్దాలున్న పెట్టె కూడా తగిలిస్తున్నారు. కొత్తవలస, శృంగవరపుకోట దాకా రైలు మామూలుగానే పోతుంది. బొడ్డవర దాటిందా, ఇక కొండ ఎక్కడం మొదలు. సొరంగం తరువాత సొరంగం, వంతెన తరువాత వంతెన. చీకట్లోకి వెళ్లినప్పుడల్లా పిల్లలు కేకలు పెడతారు. ట్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, ఆ పైన శిమిలిగుడ. ఈ శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడినుంచి కాస్త దిగితే అరకు.

బస్సులో వెళితే సుమారు 115 కిలోమీటర్ల దారి. రైలుకు దగ్గర దగ్గర నాలుగు గంటలు పడుతుంది. “ఇంత నెమ్మదా!” అని విసుక్కునేవాళ్లు మా పెట్టెలోనూ ఉన్నారు. కాని చూడండి, ఆ రైలు ఎక్కడా రొప్పలేదు. మైదానంలో ఒక వేగం, కొండమీద ఒక వేగం. దారిని బట్టి వేగాన్ని మార్చుకుంది, అంతే. ఆరోజు కిటికీ పక్కన కూర్చుని ఇదంతా చూశాను గాని, పాఠం మాత్రం బుర్రకెక్కలేదు. మర్నాడు పొద్దున ఎక్కింది.

మొదటి పొద్దు

అరకులోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. నవంబరు తెల్లవారుజామున మంచు లోయంతా పరుచుకుని ఉంటుంది. పది గజాల అవతల మనిషి కనబడడు. పొద్దెక్కేకొద్దీ మంచు పాలమీగడలా విడిపోయి, కింద పచ్చగా వలిసె పూల చేలు బయటపడతాయి. సినిమాల్లో మీరు చూసిన ఆ పసుపుపచ్చ చేలు ఇవే. వలిసెలు నూనెగింజలు.

నేను బూట్లు కట్టుకుని, చేతి గడియారం చూసుకుని బయలుదేరాను. బీచిరోడ్డు మీద కిలోమీటరుకు 7 నిమిషాలు పట్టేది. ఇక్కడా అదే వేగం అందుకోవాలని నా పంతం. మూడు నెలలు మానేశానన్న సంగతి గాని, దారి ఎగువకు పోతోందన్న సంగతి గాని పట్టించుకోలేదు. పది నిమిషాలకల్లా గుండె గొంతులోకి వచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడిపోయాను.

అప్పుడు వెనకనుంచి నెత్తిమీద కూరగాయల గంపతో ఒక పెద్దామె వచ్చింది. సంతకు పోతున్నట్టుంది. కాళ్లకు చెప్పుల్లేవు. నన్ను దాటుతూ ఆగి, నా ముఖం చూసి, నిజమైన ఆదుర్దాతో అడిగింది: “ఏటి బాబూ, ఎవులు తరుముతున్నారు నిన్ను?”

ఎవరూ లేరని చేత్తో సైగ చేశాను. నోట మాట రాలేదు. ఆమె నవ్వి, పక్కనున్న పిల్లతో కబుర్లాడుకుంటూ, ఆ గంపతోనే, అదే ఎగువదారిన మంచులో కలిసిపోయింది.

లాడ్జికి తిరిగి వచ్చేదాకా అదే మాట చెవిలో మోగింది. అవును, ఎవరు తరుముతున్నారు నన్ను? గడియారం తరుముతోంది. బీచిరోడ్డు మీద నేను సాధించిన నా పాత వేగమే నన్ను తరుముతోంది. తరమబడుతున్నవాడు ఎంతకాలం పరుగెడతాడు? సందు దొరకగానే ఆగిపోతాడు. 10వ వారంలో నేను చేసింది అదే. మీరు చేసిందీ అదే కాదూ?

మాట్లాడగలిగితే చాలు

ఆ ఆయాసానికి కారణం ఏమిటో చూద్దాం. “కొండమీద గాలి పలచన కదా” అంటారు చాలామంది. 900 మీటర్ల ఎత్తు ఆరోగ్యంగా ఉన్న మనిషికి పెద్ద అడ్డంకి కాదు. అసలు కారణం వాలు. చదును నేలమీద మీ బరువును ముందుకు తోసుకుంటే సరిపోతుంది. ఎగువదారిలో దాన్ని ప్రతి అడుగుకూ పైకి ఎత్తుకోవాలి కూడా. 70 కిలోల మనిషి 100 మీటర్ల దూరంలో 5 మీటర్లు పైకి వెళితే, 70 కిలోల బియ్యం బస్తాను ఒకటిన్నర అంతస్తు పైకి చేర్చినట్టే. కండరాలకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి, గుండె వేగంగా కొట్టుకోవాలి. అలాంటప్పుడు చదును నేలమీది వేగాన్నే పట్టుకుని వేలాడితే ఊపిరి అందుతుందా?

మరి ఎంత వేగం సరైనది? దీనికి ఏ పరికరమూ అక్కరలేదు. ఆ పెద్దామె దగ్గరే ఉంది కొలబద్ద. ఆమె కబుర్లాడుతూ నడిచింది! పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతుంటే మీ వేగం సరైనది. రెండు మాటలకొకసారి ఊపిరి కోసం ఆగవలసి వస్తే వేగం ఎక్కువైంది, తగ్గించండి. వ్యాయామ శాస్త్రజ్ఞులు కూడా ఈ మాటల పరీక్షను ఒప్పుకున్నారు.

“ఇంత నిదానంగా పరుగెత్తితే లాభమేమిటి?” అంటారేమో. చాలా ఉంది. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యరకం శ్రమగాని, 75 నుంచి 150 నిమిషాలు గట్టి శ్రమగాని చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. నిమిషాలు చెప్పింది గాని, కిలోమీటరుకు ఇన్ని నిమిషాలని ఎక్కడా చెప్పలేదు. వారానికి 3 రోజులు అరగంట చొప్పున పరుగెత్తితే 90 నిమిషాలు. మీ వంతులో చాలా భాగం మీరు తీర్చినట్టే. పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు పెద్దలు. నేనైతే, నిదానంగా పరుగెత్తి రెండూ తాగవచ్చంటాను!

రెండో పొద్దు గడియారం తలగడ కింద పెట్టి బయలుదేరాను. మా తమ్ముడు పక్కన ఉన్నాడు. పద్మాపురం తోట వైపు వెళ్లాం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలుపెట్టిన తోట అది. ఇప్పుడు యాత్రికులు చూసిపోయే ఉద్యానవనం. దారంతా మా ఊరి సంగతులు మాట్లాడుకున్నాం. ఎగువ వచ్చినప్పుడు సిగ్గుపడకుండా నడిచాం, చదును రాగానే మళ్లీ పరుగు అందుకున్నాం. అరగంట ఎలా గడిచిందో తెలియలేదు. ఎన్ని కిలోమీటర్లయిందో ఇప్పటికీ నాకు లెక్క లేదు. కాని మర్నాడు కూడా వెళ్లాలనిపించింది! 9 వారాల్లో ఒక్కనాడూ నాకు అలా అనిపించలేదు.

దిగేటప్పుడు జాగ్రత్త

కాని మర్నాడు మంచం దిగబోతే తొడలు పట్టేశాయి. మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చినంత పనయింది. ఎక్కేటప్పుడు ఆయాసపడ్డాం సరే, మరి ఈ నొప్పి ఎక్కడిది? ఇది దిగుడు నొప్పి. దిగువకు పరుగెత్తేటప్పుడు తొడ కండరాలు బ్రేకుల్లా పనిచేస్తాయి. సాగుతూనే బిగుసుకోవలసి వస్తుంది. దానివల్ల కండరపు పోగుల్లో సూక్ష్మంగా చిరుగులు పడతాయి. నొప్పి వెంటనే రాదు. ఒకటి రెండు రోజుల తరువాత ముదురుతుంది, నాలుగైదు రోజుల్లో దానంతటదే పోతుంది. వింత ఏమిటంటే, ఒకసారి ఈ నొప్పి పడ్డ కండరం గట్టిపడుతుంది. కొద్ది వారాల్లోపల మళ్లీ అదే వాలు దిగితే అంత నొప్పి రాదు.

అందుచేత కొండ ప్రాంతానికి వెళితే దిగువలో అడుగులు చిన్నవిగా వెయ్యండి. మడమ బలంగా తన్నకండి. ఘాట్‌రోడ్డు మీద మాత్రం పరుగు వద్దే వద్దు. మలుపు అవతలినుంచి వచ్చే లారీకి మంచులో మీరు కనబడరు. ఊళ్లోని చిన్నదారులు చాలు. లేతరంగు బట్టలు వేసుకుని, వాహనాలకు ఎదురుగా ఉండే పక్కన పరుగెత్తండి.

ఆ మూడోరోజు పరుగు మాని, అనంతగిరి కాఫీ తోటలు చూడ్డానికి వెళ్లాం. అక్కడ ఇంకో పాఠం దొరికింది.

పండ్లన్నీ ఒకేసారి పండవు

ఎత్తయిన సిల్వర్ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. ఈ ప్రాంతపు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తోటలో పండ్లు కోస్తున్నారు. ఒకే కొమ్మ మీద కొన్ని ఎర్రగా పండాయి, కొన్ని దోరగా ఉన్నాయి, కొన్ని ఇంకా పచ్చికాయలే. పండినవి మాత్రమే ఏరి కోస్తారు. మిగతావాటి కోసం కొన్నాళ్లకు మళ్లీ వస్తారు. కొమ్మ మొత్తం ఒకేసారి దూసేస్తే పచ్చికాయలు కలిసి కాఫీ రుచి చెడుతుంది.

మన ఒళ్లు కూడా ఆ కొమ్మలాంటిదే. 9 వారాల శిక్షణతో మొదట పండేది గుండె, ఊపిరి. వాటి మార్పు కొద్ది వారాల్లోనే తెలుస్తుంది. కండరాలు ఆ తరువాత. ఎముకలు, కండరాలను ఎముకలకు కట్టి ఉంచే స్నాయువులు మాత్రం పచ్చికాయలు. స్నాయువులకు రక్తప్రసారం తక్కువ, రెండింటి మార్పుకూ నెలలు పడుతుంది. అందుకే 10వ వారంలో గుండె “ఇంకా పరుగెత్తు” అంటుంది, ముంగాలి ఎముక “ఆగు” అంటుంది. హుషారుకొద్దీ 5 కిలోమీటర్లు అయిపోగానే 10 కిలోమీటర్లకు ఎగబాకినవాళ్లు ముంగాలి నొప్పితోనో, మడమ నొప్పితోనో మంచానికి అతుక్కుంటారు. పూర్తిగా మానేయడానికి అదే మంచి సాకు అవుతుంది.

ఎలాంటి నొప్పిని చూసి భయపడాలి? రెండు కాళ్లలోనూ కండరమంతా పరుచుకున్నట్టు ఉండి, కదిలేకొద్దీ తగ్గే నొప్పి మంచిదే. ఎముక మీద ఒకేచోట వేలితో చూపించగలిగేలా ఉండి, పరుగెత్తేకొద్దీ పెరిగే నొప్పి మంచిది కాదు. వెంటనే ఆపి డాక్టరుకు చూపించండి.

అలవాటు ఎన్నాళ్లకు?

“9 వారాలు చేశాం కదా, ఇంకా అలవాటు కాలేదా?” అని అడుగుతారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమెతో పనిచేసినవాళ్లు ఈ సంగతే పరిశీలించారు. 96 మందిని తీసుకుని, తలా ఒక కొత్త పని రోజూ చెయ్యమన్నారు. ఒకరు భోజనంతో పండు తినడం, ఇంకొకరు రాత్రి భోజనానికి ముందు పరుగెత్తడం, ఇలా. 2010లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం, ఆలోచించకుండానే పని జరిగిపోయే దశ రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలింది, కొందరికి 254 రోజులదాకా పట్టేలా ఉందని లెక్క తేలింది. తేలిక పనులు త్వరగా అలవాటయ్యాయి, వ్యాయామానికి ఎక్కువకాలం పట్టింది.

ఇప్పుడు మీ లెక్క వేసుకోండి. 9 వారాలంటే 63 రోజులే గాని, వారానికి 3 రోజుల చొప్పున మీరు పరుగెత్తింది 27 సార్లే! ఇంకా అలవాటు కాలేదని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. మీది బద్ధకం కాదు. పాలు ఇంకా తోడుకోలేదు, అంతే. కుండ కదపకుండా ఇంకొంతసేపు ఉంచాలి.

ఆ పరిశోధనలోనే ఇంకో తీపి కబురు ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినంతమాత్రాన అలవాటు చెడలేదు. కాబట్టి వాన పడిన రోజున, చుట్టాలు వచ్చిన రోజున మానేయండి. తప్పులేదు. వరసగా రెండోసారి మాత్రం తప్పనివ్వకండి. నన్ను ముంచింది వాన కాదు, వాన తరువాత వచ్చిన రేపు.

చేయి వదలని ఆట

ఆఖరి సాయంత్రం థింసా ఆట చూశాం. ఆడవాళ్లు ఒకరి వెనకనుంచి ఒకరు చేతులు పెనవేసుకుని వరసకట్టి, డప్పు, సన్నాయి లయకు అడుగులు వేస్తారు. వయసు మళ్లిన తల్లి పక్కన పడుచుపిల్ల. ఇద్దరిదీ ఒకటే అడుగు. ముందుకు ఉరికేవాళ్లు లేరు, వెనకపడేవాళ్లు లేరు. అంతసేపు ఆడినా అలసట కనబడదు. ఒంటరిగా మానేయడం సులువు. చేయి పట్టుకున్నవాళ్లుంటే మానడం కష్టం. మీ వీధిలో ఇంకొక్కరిని తోడు చేసుకోండి. భార్యాభర్తలైతే మరీ మంచిది. పిల్లల క్యారేజీలు, వంట పనుల మధ్య పొద్దున తీరిక దొరకని గృహిణులు సాయంత్రం పూట పెట్టుకోవచ్చు. పరుగుకు ముహూర్తం లేదు, వేళ ఒకటే అయితే చాలు. ఇంట్లోవాళ్లు ఆ అరగంట ఆమెకు వదిలిపెట్టాలి. ఇది నేను మగవాళ్లకు చెబుతున్నమాట.

ఇక్కడ ఒకమాట నిజాయితీగా చెప్పాలి. “కొండవాళ్లు చూడండి, ఎంత ఆరోగ్యంగా ఉంటారో!” అని బస్సు దిగిన ప్రతివాడూ అంటాడు. అది సగం నిజం. బగత, కొండదొర, పోర్జ, గదబ, కోందులు, ఇంకా ఎన్నో తెగలవాళ్లు ఈ కొండల్లో ఉంటారు. వాళ్ల నడక సరదాకు కాదు, సంత కోసం, కట్టెల కోసం, నీళ్ల కోసం. మలేరియా, రక్తహీనత, సికిల్‌సెల్ జబ్బు ఇక్కడ కొత్త కాదు. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. ఆ తరువాత కూడా రోడ్డు లేని గూడేలనుంచి గర్భిణీలను డోలీలో మోసుకొచ్చిన వార్తలు చదివాం. వాళ్లకు నడక గత్యంతరం లేక. మనకు కుర్చీ, లిఫ్టు, స్కూటరు దొరికి కాళ్లకు పని పోయింది కాబట్టి పరుగును వెతుక్కుంటున్నాం. ఆ పెద్దామె నన్ను చూసి నవ్వడంలో ఆశ్చర్యమేముంది?

ఇంటికి వచ్చాక

సరే, రైలు దిగి ఇంటికి వద్దాం. అరకునుంచి తెచ్చుకున్న కాఫీపొడి నెలలో అయిపోయింది. ఈ నియమాలు మాత్రం మిగిలాయి. మీరూ రాసుకోండి.

1. రోజులు ముందే ఖాయం చేసుకోండి. నావి సోమ, బుధ, శనివారాలు. పొద్దున లేచాక “వెళ్లాలా వద్దా” అన్న చర్చే ఉండకూడదు.

2. ఎప్పుడూ చేసే ఒక పనికి పరుగును ముడివెయ్యండి. పాలు తెచ్చి గిన్నెలో పోసిన వెంటనే బూట్లు, అలాగన్నమాట. బూట్లు, మేజోళ్లు రాత్రే గుమ్మం దగ్గర పెట్టుకోండి.

3. మొదటి మూడు నెలలు దూరం పెంచకండి, వేగం పెంచకండి. అదే అరగంట. అప్పటికి స్నాయువులూ కాస్త గట్టిపడతాయి. తరువాత పెంచాలనిపిస్తే వారంలో ఒక్కరోజు మాత్రం 5 నిమిషాలు పెంచండి. వేగం, దూరం రెండూ ఒకేసారి పెంచవద్దు.

4. మనసు బాగులేని రోజున 10 నిమిషాలు చాలు. వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి రండి. ఆరోజు లెక్క గుండెకు కాదు, అలవాటుకు.

5. జ్వరం వచ్చి వారం మానవలసి వస్తే, పాత దూరం ఒకేసారి అందుకోకండి. సగంతో మొదలుపెట్టండి. నెల మానితే పట్టికలో 4వ, 5వ వారానికి వెళ్లి అక్కడినుంచి రండి. చిన్నతనం కాదు.

6. ఖాళీ కడుపు పడకపోతే అరగంట ముందు అరటిపండుగాని, పలచని రాగి అంబలిగాని పుచ్చుకోండి. ఉత్తరాంధ్రలో చోడి అంబలి అంటారే, అదే. తిరిగి వచ్చాక దాహం తీరా నీళ్లు తాగండి. మైదానంలో, ముఖ్యంగా వేసవిలో, ఎండెక్కకముందే ముగించండి. అరకులో చలికి కప్పుకున్నట్టే, ఇక్కడ ఎండకు జాగ్రత్తపడాలి.

డాక్టరును అడగవలసినవాళ్లు

1970లలో అమెరికాలో పరుగు పిచ్చి పట్టించినవాళ్లలో జిమ్ ఫిక్స్ ఒకడు. పరుగు మీద 1977లో ఆయన రాసిన పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. 1984లో, 52వ ఏట, పరుగుకు వెళ్లి దారిలోనే గుండె ఆగి చనిపోయాడు. చూస్తే గుండె రక్తనాళాలు మూసుకుపోయి ఉన్నాయి. ఆయన తండ్రి కూడా 43వ ఏట గుండెజబ్బుతోనే పోయాడు. పరుగు ఆయన్ని చంపిందనడం తప్పు. పరుగెత్తుతున్నాం కదా, మనకేమవుతుందిలే అనుకోవడం అంతకన్నా పెద్ద తప్పు.

అందుచేత 40 ఏళ్లు దాటినవాళ్లు, రక్తపోటు, చక్కెర, గుండెజబ్బు ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్నవయసులో గుండెజబ్బుతో పోయినవాళ్లున్నవాళ్లు, రక్తహీనతగాని సికిల్‌సెల్‌గాని ఉన్నవాళ్లు ముందుగా డాక్టరు సలహా తీసుకోండి. పరుగులో గుండెమీద బరువు పెట్టినట్టున్నా, నొప్పి దవడకో ఎడమచేతికో పాకినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగిపోండి, ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి వెళ్లండి. ఇన్సులిన్‌గాని చక్కెర తగ్గించే మాత్రలుగాని వాడేవాళ్లు జేబులో గ్లూకోజు బిళ్లలో, బెల్లం ముక్కో ఉంచుకోండి. పరుగు మొదలుపెట్టామని మాత్రలు సొంతంగా ఆపకండి. తగ్గించవలసి వస్తే డాక్టరే తగ్గిస్తారు. నాకు అలాగే, ఏడాది తరువాత, ఆయనే సగం చేశారు.

ఇప్పుడు నాకు పట్టిక లేదు. చేతికి గడియారం లేదు. బీచిరోడ్డు మీద కుర్రాళ్లు నన్ను దాటిపోతుంటారు, పోనిస్తాను. అప్పుడప్పుడు హుషారొచ్చి కాళ్లు వేగం అందుకోబోతాయి. ఊపిరి బరువెక్కి, పక్కనున్న తమ్ముడికి జవాబు చెప్పలేకపోతాను. వెంటనే మంచులోంచి ఆ గొంతు వినబడుతుంది.

రేపు పొద్దున బూట్లు కట్టుకున్నప్పుడు మీరూ ఒక్కసారి ఆ ప్రశ్న వేసుకోండి. ఎవరూ తరమడం లేదని తేలితే, హాయిగా, నిదానంగా సాగిపొండి. ఎల్లుండి కూడా వెళ్లాలనిపించేలా ఇంటికి తిరిగి రండి. అంతకన్నా మంచి పరుగు లేదు.